మాట మార్చిన గిన్నికోడి

సముద్రం ఒడ్డున ఓ ఇసుకదిబ్బ, దాని వెనక రాతిగుట్ట. దిబ్బ మీద జంతువుల కాపురం. నీళ్ళంచున బొరియలో ఉండే పీత తాత నేల అదిరితే ముందుగా పసిగట్టి చెబుతాడు, గిన్నికోడి చుక్కమ్మ కేకేస్తుంది. ఈ కాపలాకి పెద్ద, నక్క జంబయ్య. కొండల నుంచి దిగొచ్చిన ఘనుడు కదా, అక్కడి పద్ధతే ఇక్కడా పెట్టాడు. మొదటి అదురు ఎంతో చూడాలి, ఒక్కసారే కేకెయ్యాలి, మాట మార్చకూడదు.

ఆ ఉదయమే మేక నీలవేణి ఈనింది. పిల్లకి ఇంకా కాళ్ళు నిలవడం లేదు.

"చుక్కమ్మా, కాస్త అదిరిందే!" అన్నాడు పీత తాత.

"చిన్నదే, భయం లేదు!" అని అరిచింది చుక్కమ్మ.

"విన్నావుగా నీలవేణీ? నువ్వెళ్ళి మేసిరా, పసిదాన్ని నేను చూసుకుంటా" అన్నాడు జంబయ్య పెదాలు నాకుతూ. వాడి చూపు ఎక్కడుందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఇంతలో పీత తాత మళ్ళీ అరిచాడు. "ఆగలేదే, పెరుగుతోంది! సముద్రం అడుగున మొదలైన చీలిక ఒక్కచోట ఆగదమ్మా, పాత చీరలా చిరుగుతూ పోతుంది. మొదటి అదురు చూసి లెక్కేస్తే మునిగిపోతాం!"

"అయ్యో, పెద్దది! గుట్టెక్కండి!" అని గొంతు చించుకుంది చుక్కమ్మ.

"నోర్ముయ్! ఇందాక చిన్నదంటివి, ఇప్పుడు పెద్దదంటావా? మళ్ళీ అరిచావో, పీక కొరుకుతా!" అన్నాడు జంబయ్య.

"కొరుకు! తెగేదాకా అరుస్తా. నేల మారితే నా మాటా మారుద్ది, ఏం చేసుకుంటావో చేసుకో!"

దిబ్బంతా ఊగిపోయింది. కుక్క నల్లోడు మేకపిల్లని మెడ దగ్గర మెల్లగా పట్టుకుని గుట్టకేసి ఉరికాడు. వెనకే నీలవేణి, ఆ వెనక అందరూ.

"తాతా, నువ్వో?"

"నీళ్ళు నాకు కొత్తా? నువ్వు అరవడం ఆపకు!"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సముద్రం వెనక్కి తగ్గి చేపలు గిలగిలా కొట్టుకుంటుంటే జంబయ్య కిందికి పరుగెత్తాడు.

"జంబయ్యా, ఇంకా అయిపోలేదు, పైకి రా!" గుట్ట మీంచి అరిచింది చుక్కమ్మ.

"ఎన్నిసార్లు అరుస్తావే, సిగ్గు లేదూ?"

అప్పుడొచ్చింది అల. దిబ్బంతా కడిగేసింది. సాయంత్రానికి ఓ దుంగ పట్టుకుని, ఉప్పునీళ్ళు కక్కుకుంటూ ఒడ్డుకొచ్చాడు జంబయ్య.

"ఇంత పెద్దదని ముందే చెప్పొచ్చుగా!" అని ఏడ్చాడు.

"పీక కొరుకుతానన్నా చెప్పాను" అంది చుక్కమ్మ. పక్కన మేకపిల్ల తల్లి పొదుగు కుమ్ముతూ పాలు తాగుతోంది.

నీతి: కదిలే నేలకి కదలని మాట కాపలా కాయదు.