గండి మీద నిలబడ్డ ఒంటె

విక్టోరియా రాణి ఏలుబడిలో గోదావరి ఒడ్డున గోగులపాడు అనే ఊళ్లో డేరా వేసుకున్న హార్విక్ దొర బొమ్మలు గీయడంలో చేయి తిరిగినవాడే గానీ, కంటికి నచ్చనిదాన్ని బొమ్మలోంచి ఎగరగొట్టేసే జబ్బొకటి ఆయనకు ఉండేది. తూర్పుదేశాలంటే ఆయన పడిచచ్చేవాడు. కాకపోతే అది ఆయన కుర్రతనంలో ఇంగ్లండులో కూర్చుని కలగన్న తూర్పు. వంకర చెట్టును నిటారుగా గీసేవాడు. పెంకుటిల్లు ఉన్నచోట పాలరాతి గుమ్మటం లేపేవాడు.

పోయిన ఏటి వరదకు ఆ ఊరి ఏటిగట్టుకు పెద్ద గండి పడింది. పూడ్పించమని ఊరివాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టారు. కలెక్టరుకు నమ్మకం కుదరలేదు. వచ్చి చూద్దామంటే కాలు విరిగి మంచాన ఉన్నాడు. అందుకని స్నేహితుడైన హార్విక్‌కు కబురు చేశాడు.

"రైతులు గోరంతను కొండంత చేస్తారు. నువ్వు గట్టును గీసి పట్టుకురా. నీ బొమ్మ చూసే తేలుస్తాను."

హార్విక్ గీశాడు. కానీ ఆ బొమ్మనే తర్వాత లండన్‌లో జరిగే చిత్రాల ప్రదర్శనకూ పంపాలనుకున్నాడు, మనసంతా దాని మీదే ఉంది. బంగారు రంగు నీళ్లు, గులాబి ఆకాశం, ఒడ్డున పాలరాతి గుమ్మటం! తన జన్మలో అంత మంచి బొమ్మ గీయలేదని మురిసిపోయాడు.

గట్టు కింద కాపురముండే అచ్చియ్యమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బొమ్మ చూడ్డానికి వచ్చింది.

"ఇదేం జంతువండీ దొరగారూ?"

"ఒంటె," అన్నాడు హార్విక్, తనకు వచ్చిన తెలుగులో.

"మా ఊరికెప్పుడొచ్చిందండీ? మాతో ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఆడవాళ్లు పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వు ఆపి బొమ్మ మీదికి వంగింది.

"మరి గండేదండీ?"

"వికారంగా ఉంది. అందుకే అక్కడ ఒంటెను పెట్టాను."

"ఇది చూసేనా కలెక్టరుగారు తేల్చేది? అయితే మా కొంపలు మునిగినట్టే! బొమ్మలో గండి మీరు పూడ్చేశారు, సరే. ఏట్లో ఎవరు పూడుస్తారండీ? ఆషాఢంలో ఎర్రనీళ్లొస్తే మీ ఒంటె అడ్డం నిలబడుతుందా?"

హార్విక్ ముఖం కందగడ్డ అయింది. "ఇది కళ. నీకు తెలియదు!"

"తెలీదండీ. మునగడమే తెలుసు," అని ఆమె విసవిసా వెళ్లిపోయింది.

ఆ మాట హార్విక్‌ను వదల్లేదు. సాయంత్రం ఒక్కడే గట్టుకు వెళ్లాడు. ఇన్నాళ్లూ దూరంగా తాటితోపు నీడన కూర్చుని గీశాడే తప్ప గండిలోకి దిగింది లేదు. ఇప్పుడు దిగాడు. తెగిన మట్టిగోడ తలకు మించి ఉంది. ఒకవైపు ఏరు. రెండోవైపు పల్లంలో అచ్చియ్యమ్మ ఇల్లు. చూరు కింద ఆమె బియ్యం చెరుగుతోంది. ఏటికీ ఆ ఇంటికీ మధ్య అడ్డం ఏముందని చూశాడు. తానొక్కడే ఉన్నాడు, సరిగ్గా ఒంటెను నిలబెట్టిన చోట.

ప్రదర్శనకు బొమ్మను తీసుకెళ్లే లండన్ ఓడ కదిలే రోజు దగ్గరపడింది. దీన్ని చెరిపితే దానికోసం మరో బొమ్మ గీసే వ్యవధి లేదు. డేరాకు వచ్చి రంగులు గీకే కత్తి తీశాడు. అయినా ముందు ఒంటెను గీకేశాడు. ఆ వెనకే గుమ్మటం పోయింది, బంగారు నీళ్లూ పోయాయి. వాటి చోట గండి నోరు తెరుచుకుంది.

కలెక్టరు ఆ బొమ్మ చూసి ముఖం చిట్లించాడు. "ఇంత వికారమైన బొమ్మ నువ్వెప్పుడూ గీయలేదు!" అన్నాడు. మళ్లీ పరకాయించి చూశాడు. "ఇంత గండా? వాళ్లు చెప్పింది నిజమేనన్నమాట!" అప్పటికప్పుడే పనికి ఉత్తర్వు ఇచ్చాడు.

ఆషాఢంలో ఎర్రనీళ్లు కొత్త గట్టు అంచుదాకా పొంగాయి. ఊరంతా గట్టెక్కి బిక్కుబిక్కుమంటూ చూసింది. హార్విక్ కూడా వాళ్లలోనే ఉన్నాడు. మధ్యాహ్నానికి నీరు మూరెడు తగ్గింది. ఊరు ఊపిరి పీల్చుకుంది.

"దొరగారూ, ఇహ కావాలంటే మీ ఒంటెను తోలుకురండి! గట్టు మీద దర్జాగా నడుస్తుంది," అంది అచ్చియ్యమ్మ.

ఊరితో పాటు హార్విక్ కూడా కడుపారా నవ్వాడు.

ఒక చోటును నిజంగా ప్రేమించేవాడు దాని అందంతో పాటు గాయాన్నీ చూడాలి. చూసినదాన్ని దాచకుండా చూపాలి.