ఒకటో నంబరు మైకు

ఆ ఊళ్లో సర్పంచికీ, కాంట్రాక్టరుకీ ఒకటో నంబరంటే ప్రాణం. నీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవం రోజు మైకుసెట్టు సైదమ్మ మొత్తుకుంది.

"రెండు వైర్‌లెస్ మైకులూ ఒకే ఛానెల్ నంబరు మీద పెడితే గరగరే వస్తుందయ్యా. ఒకరు రెండుకి మారండి."

"నేను రెండోవాణ్ణా?" అని సర్పంచి గుడ్లురిమాడు.

"మరి నేనా?" అన్నాడు ట్యాంకు కట్టిన కాంట్రాక్టరు. "నోర్మూసుకుని ఇద్దరికీ ఒకటే పెట్టు!"

"అట్లాగే కానీండి," అని సైదమ్మ పెట్టింది.

ఇద్దరూ ఒకేసారి మైకులందుకున్నారు. గరగర తప్ప ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

సైదమ్మ వాటి సౌండు కట్టేసి, వైరున్న తన పాత మైకు పట్టుకుంది.

"ఈ మైకుకి నంబరు లేదు, నాకూ లేదు. ట్యాంకు కట్టారు, మా పేటకి పైపెందుకు వెయ్యలేదు?"

ఆ మాట మాత్రం పక్కూరిదాకా వినపడింది.