గొంతులో జీర

ఆర్విల్ శవపేటిక ముందు మోకరిల్లి లోవెల్ ఏడ్చాడు. ఏడుపు బాగా వచ్చింది. అదే అతణ్ణి భయపెట్టింది.

లేవాల్సిన చోట లేచింది. జీరపోవాల్సిన చోట జీరపోయింది. తర్వాత శ్రుతి తప్పకుండా మెల్లగా దిగింది. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. వెనక నిలబడ్డ ఒకావిడ పక్కావిడతో, "అచ్చం రికార్డులో ఉన్నట్టే ఉంది కదూ" అంది. మెచ్చుకోలుగానే అంది పాపం.

లోవెల్ బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాడు. చేతులకేసి చూసుకున్నాడు. అవి వణకడం లేదు.

లోవెల్ అమెరికాలోని కెంటకీ బొగ్గు కొండల్లో పుట్టినవాడు. పాటలు తనే కట్టి, తనే గిటారు వాయిస్తూ పాడతాడు. ఎన్ని కట్టినా జనం అడిగేది మాత్రం ఒక్కటే, అన్న డ్యూయీ గనిలో పోయినప్పుడు కట్టిన పాట. ఆ రోజు డ్యూయీ తిండి డబ్బా బల్ల మీద మరిచిపోయి పనికి వెళ్లాడు. తమ్ముడు డబ్బా పట్టుకుని వెనకే పరిగెత్తాడు. చేరేసరికి గని కప్పు కూలిపోయింది. పాటలో ఉన్నదీ అంతే. చివరి చరణం ఇది:

కొండ నోరు మూసుకుంది, పిలిస్తే పలకదు,
డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది, అన్నా.

మొదటిసారి పాడినప్పుడు 'అన్నా' దగ్గర అతని గొంతు జీరపోయింది. అది నిజం జీర. రికార్డు చేసినవాళ్లు దాన్ని అలాగే ఉంచేశారు. ఆ రికార్డే అతనికి పేరు తెచ్చింది, ఊరూరా తిప్పింది.

జనం ఆ జీర కోసమే వచ్చేవాళ్లు. ఒకసారి ఏదో ఊళ్లో అది రాలేదు. ఆ పూట చప్పట్లు నీరసంగా పడ్డాయి. అప్పటినుంచి లోవెల్ దాన్ని తనే తెప్పించడం నేర్చుకున్నాడు. గొంతు వెనక కాస్త బిగిస్తే చాలు, వచ్చేస్తుంది.

పక్కన ఫిడేలు వాయించే ఆర్విల్‌కు ఈ సంగతి తెలుసు. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. పాటలో 'అన్నా' వచ్చేసరికి కమాను తీగల మీంచి ఎత్తి, గాల్లో పట్టుకుని, జీరకు చోటిచ్చేవాడు. అది అయ్యాక మళ్లీ దించేవాడు. లోవెల్ తాగి పడిపోయిన రోజుల్లో వ్యాను నడిపింది ఆర్విలే. భార్య వదిలేసి వెళ్లినప్పుడు పక్కన కూచుని బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించిందీ అతనే.

అలాంటి మనిషి పోయాడు. పోతే వచ్చిన ఏడుపు మాత్రం పాటలోది.

ఖననం జరిగే రోజు పొద్దున్నే లోవెల్ కొండెక్కి వెర్నా ఇంటికి వెళ్లాడు. అక్కడి చర్చిలో పాట నడిపే ముసలావిడ ఆమె. లోవెల్‌కు పాట నేర్పింది కూడా ఆమే. వయసులో ఉన్నప్పుడు ఆమెనూ పట్నం రేడియోవాళ్లు పిలిచి పాడించారు. కొన్నాళ్లు పాడి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని అడిగితే "ఆ మైకు తిరిగి పాడదు" అనేది. చాదస్తం అనుకుని జనం నవ్వుకునేవాళ్లు.

వెర్నా వరండాలో కూచుని ఒళ్లో గిన్నె పెట్టుకుని బీన్స్ ఒలుస్తోంది. నార తీసి, టక్కున విరిచి గిన్నెలో వేస్తోంది.

"పెద్దమ్మా, ఆర్విల్ చెల్లెలు నన్ను ఆ పాట పాడమంది" అన్నాడు లోవెల్.

"పాడు మరి."

"నాకు ఏడుపు రావడం లేదు."

"నిన్న బాగా ఏడ్చావన్నారే."

"అది ఏడుపు కాదు పెద్దమ్మా. అది నాకు వచ్చిన విద్య." అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "వాడు నాకు ప్రాణం. వాడి కోసం ఒక్క చుక్క కూడా నిజంగా రాకపోతే నేనేం మనిషిని? లోపల ఇంకేమైనా మిగిలిందో లేదో కూడా తెలియడం లేదు."

వెర్నా ఓదార్చలేదు. ఆమెకు ఓదార్చడం చేతకాదని ఊళ్లో అందరికీ తెలుసు.

"ఏదీ, చివరి చరణం పాడు" అంది.

లోవెల్ పాడాడు. 'అన్నా' దగ్గర గొంతు జీరపోయింది. సరిగ్గా అప్పుడే వెర్నా చేతిలో బీన్స్ కాయ టక్కున విరిగింది.

"మళ్లీ పాడు."

మళ్లీ పాడాడు. జీరా, టక్కుమన్న చప్పుడూ ఒక్కసారే వచ్చాయి.

"ఇంకోసారి."

ఈసారి ఆమె ముందే, 'వెచ్చగానే' అన్న మాట దగ్గరే విరిచేసింది. లోవెల్ గొంతు అక్కడే జీరపోయింది.

అతను పాట ఆపేశాడు. వెర్నా ఆ రెండు ముక్కలూ గిన్నెలో వేసి, గిన్నె పక్కన పెట్టింది.

"కూరకు ఇవి చాల్లే. పద, టైమవుతోంది. ఆ గిటారు పెట్టె ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను."

శ్మశానం కొండ అంచున ఉంది. సన్నగా జల్లు పడుతోంది. ఆర్విల్ చెల్లెలు అన్న చేతి పక్కన కమాను పెట్టి, శవపేటిక మూయించింది. దాన్ని గోతిలోకి దించారు. అందరూ లోవెల్ వైపు చూశారు.

లోవెల్ గిటారు కోసం వెనక్కి తిరిగాడు. వెర్నా గిటారు పెట్టె మీద కూచుని ఉంది.

"పెద్దమ్మా, లే. గిటారు తీసుకోవాలి."

"మోకాళ్ల నొప్పి. లేవలేను. మాటలు అందించు."

ఆ కొండ మీద ఒక ఆచారం ఉంది. చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఒకప్పుడు పాటల పుస్తకాలూ తక్కువే, చదవగలిగినవాళ్లూ తక్కువే. అందుకని ఒకరు లేచి ఒక్కో వరుసా గబగబా అందిస్తారు. మిగతావాళ్లు దాన్ని అందుకుని, నిదానంగా, సాగదీసి పాడతారు. మన భజనలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ తాళాలు లేవు, హుషారూ లేదు. అందించేవాడి గొంతు ఎలా ఉందో అక్కడ ఎవరూ పట్టించుకోరు.

"అది దేవుడి పాటలకు కదా. ఇది నా పాట" అన్నాడు లోవెల్.

"వీళ్లకు రాదా ఏమిటి నీ పాట? మాటలు నువ్వివ్వు. రాగం సంగతి వాళ్లు చూసుకుంటారు."

జనం ఎదురుచూస్తున్నారు. లోవెల్ గత్యంతరం లేక మొదటి వరుస అందించాడు. అతని గొంతు బస్టాండులో ఊళ్ల పేర్లు చదివేవాడి గొంతులా పొడిగా వచ్చింది.

వాళ్లు అందుకున్నారు. అక్కడున్నవాళ్లలో చాలామంది గనుల్లో పనిచేసినవాళ్లు. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనవాళ్లు. మాట మధ్యలో ఊపిరి అందక ఒకడు ఆగిపోతే పక్కవాడు ఆ మాట సాగించేవాడు. వాడు ఆగితే ఇంకొకడు. ఎవరి గొంతూ ఎవరితోనూ కలవలేదు, అయినా పాట ఆగలేదు. లోవెల్ తన పాటను ఇంత నెమ్మదిగా ఎన్నడూ వినలేదు. తిండి డబ్బా, బల్ల, ఇంటినుంచి గని దాకా ఉన్న దారి, అన్నీ ఒక్కొక్కటే అతని ముందునుంచి నడిచి వెళ్లాయి.

"కొండ నోరు మూసుకుంది, పిలిస్తే పలకదు."

వాళ్లు పాడారు.

"డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది."

వాళ్లు పాడారు. ఇక ఒక్క మాటే మిగిలింది.

లోవెల్ నోరు తెరిచాడు. అలవాటుగా కుడివైపు చూశాడు, కమాను పైకి లేస్తుందని. అక్కడ ఎవరూ లేరు. తడిసిన గడ్డి ఉంది, గోతి ఉంది.

గొంతు రాలేదు. బిగించినా రాలేదు. జీర కూడా రాలేదు. అతను అలా నోరు తెరుచుకునే నిలబడ్డాడు. ముక్కు కారుతోంది, గడ్డం అదురుతోంది. చూడ్డానికి ఏమాత్రం బాగాలేదు. తర్వాత గోతి పక్క బురదలో కూలబడి, దెబ్బ తిన్న గొడ్డులా అరిచాడు. అందులో శ్రుతి లేదు. ఈసారి రికార్డులో ఉన్నట్టుందని ఎవరూ అనలేదు. ఆర్విల్ చెల్లెలు ఒకడుగు వెనక్కి వేసింది.

జనం కదల్లేదు. వరుస అందేదాకా ఆగడం వాళ్లకు అలవాటే.

కాసేపటికి గిటారు పెట్టె మీద కూచున్న వెర్నా ఆ మాట అందించింది.

"అన్నా."

వాళ్లు అందుకున్నారు. ఆ ఒక్క మాటనూ ఊపిరి ఉన్నంతమేరా సాగదీశారు. తర్వాత తలా పిడికెడు మట్టి వేసి, టోపీలు పెట్టుకుని, ఒక్కొక్కరే కొండ దిగిపోయారు.

జల్లు ఆగలేదు. లోవెల్ లేచి, వెర్నాకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేచింది. అతను గిటారు పెట్టె తీసుకోలేదు. దానికేసి చూస్తూ నిలబడ్డాడు.

"పాట పాడుచేశాను పెద్దమ్మా. వాడి కోసం పాడాల్సిన ఆ ఒక్క మాట పాడలేకపోయాను."

వెర్నా గోతి వైపు చూసింది.

"ఆ మాట దగ్గర ఆర్విల్ కమాను ఎత్తి పట్టుకునేవాడు కదూ?"

"అవును."

"రోజూనా?"

"మేం కలిసి పాడినన్నాళ్లూ."

"పాపం, చెయ్యి ఎంత లాగిందో" అంది వెర్నా. "ఇవాళ దించాడు."