బొంతలో పిల్లలు

చేని గట్టును అంత శుభ్రం చేసినా గురువుగారు ఒక్క మంచిమాట అనలేదని ఓబులేసు చిన్నబుచ్చుకున్నాడు.

ఆశ్రమానికి ఉన్నదల్లా కొండకింద ఒక వేరుశెనగ చేను. కిందటేడు విత్తిన గింజల్ని చిట్టెలుకలు అక్కడక్కడా తవ్వి తిన్నాయి. ఈసారి చేను బాధ్యత ఓబులేసుది. గురువు నాగలింగస్వామి పొరుగూళ్ళకు వెళ్ళి ఉండగా, గట్టు పొడుగునా ఉన్న తంగేడు, కలివి, రేగు పొదలన్నీ నరికేశాడు. అవి ఎండాక నిప్పు పెట్టాడు. ఇక ఎలుకల పీడ వదిలిందనుకున్నాడు.

స్వామి తిరిగొచ్చి చాలాసేపు గట్టు దగ్గరే నిలబడ్డాడు. చేతికర్రతో బూడిదను కదిపి చూశాడు. ఆశ్రమంలోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఓబులేసుకు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఓబులేసు స్వామి పడక సర్దుతుంటే, బొంత మడతలోంచి ఎలుక ఒకటి దూకి గోడ బీటలో దూరింది. బొంత లోపలి పాతగుడ్డల్ని పీచుపీచుగా కొరికి గూడు చేసుకుంది. అందులో కళ్ళు తెరవని పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి.

"చూడండి స్వామీ, చేను ఇడిసి మీ పడకలోకే వచ్చినాయి," అంటూ ఓబులేసు చీపురు అందుకున్నాడు.

స్వామి ఆ చీపురు తీసి పక్కన పెట్టాడు. బొంతను మెల్లగా ఎత్తి ఓబులేసు చేతుల్లో ఉంచాడు.

"యాడ్నుంచి వచ్చినాయో ఆడ్నే ఇడ్సిపెట్టి రా నాయనా."

అదెంత పని అనుకుంటూ ఓబులేసు చేనుకు వెళ్ళాడు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఎక్కడా చారెడు నీడ లేదు. బూడిద, మాడిన మోళ్ళు, పైన తిరుగుతున్న గద్ద. ఒక మోడు పక్కన బొంత దించబోయి, మళ్ళీ గుండెకు ఆనించుకున్నాడు.

కిందటేడు ఎలుకలు తిన్నది మహా అయితే రెండు సాళ్ళ గింజలు. ఆ పొదల్లో ఎన్ని గూళ్ళుండేవో, నిప్పు పెట్టేముందు ఒక్కసారైనా వంగి చూడలేదు. ఓబులేసుకు ఏడుపొచ్చింది.

ఎండెక్కాక బొంతతోనే తిరిగొచ్చాడు. స్వామి అప్పటికే తన చాపను దూరంగా జరిపి, గోడ బీట ఉన్న మూల ఖాళీ చేసి కూర్చున్నాడు.

"ఇడిసేదానికి చోటు దొరకలేదు స్వామీ," అన్నాడు ఓబులేసు తలవంచుకుని.

"దొరకదని తెల్సు నాయనా. ఆ మూల దించు. తల్లి ఎదురుచూస్తాండాది."