సుక్కమ్మ మాట

“డిస్కులన్నీ బాగానే ఉన్నాయి కదా మాస్టారూ! మరి సమాచారం పోయిందని ఎందుకంటున్నారు?” అని హైమ అడిగింది.

విశాఖపట్నంలో సముద్రాన్ని పరిశీలించే ఒక సంస్థలో కూర్మారావు సర్వర్ల గదికి పెద్ద. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ఆ ఉదయం గురుశిష్యులిద్దరూ ఒక పాత డిస్క్ అర్రే ముందు కూర్చున్నారు. ఇనుప పెట్టెలో వరసగా అమర్చిన డిస్కులవి. ఎప్పటివో అలల కొలతలు వాటిలో ఉన్నాయి. అలాంటి అర్రేలో ఏ సమాచారమూ ఒక్కచోట ఉండదు. ముక్కలు చేసి డిస్కులన్నిటికీ పంచి దాస్తారు. ఏ ముక్క ఎక్కడుందో కంట్రోలర్ కార్డుకు మాత్రమే తెలుస్తుంది. ఆ కార్డు కాలిపోయింది. దాని ఇంటర్‌ఫేస్ స్కజీ అనే పాతరకం. ఇప్పటి సర్వర్లలో దాన్ని తగిలించే చోటే లేదు. అలాంటి కార్డు ఇంకొకటి సంపాదించాలని ఇద్దరూ నెలల తరబడి తిరిగారు. ఎక్కడా దొరకలేదు. ఇక పెట్టెను పాతసామాను కింద పంపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

హైమకు మనసొప్పలేదు. పెట్టె మీద చెయ్యి వేస్తే, లోపల డిస్కులు తిరుగుతున్న అదురు ఆమె అరచేతికి తెలుస్తూనే ఉంది.

“ఇంటర్‌ఫేస్ అంటే మధ్యలో ఉండే తోవే కదండీ. తోవ మూసుకుపోయినంత మాత్రాన ఊరు లేకుండా పోతుందా?” అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన తల్లి సంగతి చెప్పారు. ఆవిడ ప్రస్తావన ఆయన నోట హైమ వినడం అదే మొదలు.

మాస్టారి తల్లి సుక్కమ్మ సీతంపేట కొండల్లో ఒక సవర గూడెంలో పుట్టింది. అటవీశాఖలో గార్డుగా పనిచేసే తెలుగాయన్ని చేసుకుని పార్వతీపురం వచ్చేసింది. కొడుకు పుట్టాక భర్త ఆమెను కోరింది ఒకటే: “వాడితో నీ భాష మాట్లాడకు. బళ్ళో నవ్వుతారు.” సుక్కమ్మ సరేనంది. జోల కూడా తెలుగులోనే పాడింది. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న భాష కావడంతో ఆ జోలలో మాటలు తక్కువ, కూనిరాగం ఎక్కువ.

ముసలితనంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో తెలివి వచ్చేసరికి ఆమె తెలుగంతా తుడిచిపెట్టుకుపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. గలగలా మాట్లాడేది, అంతా సవరలోనే. ఒక్కొక్కరికి అలా జరుగుతుందనీ, తరువాత నేర్చింది పోయి పుట్టినప్పటి భాష మిగులుతుందనీ డాక్టర్లు చెప్పారు. “అమ్మా, నేనే” అని కొడుకు అంటుంటే, ఇదేం భాషరా అన్నట్టు ఆయన నోటికేసి చూసేది. ఆయన గంజి తాగించేవారు, తల దువ్వేవారు, ఆమె ఏం చెప్పినా ఊఁ కొట్టేవారు. ఆమె ఏదో అడిగేది. మళ్ళీ అదే అడిగేది. చివరికి విసిగి గోడవైపు తిరిగి పడుకునేది. పుట్టింటివాళ్ళెవరూ మిగల్లేదు. సవర తెలిసినవాళ్ళ కోసం మాస్టారు తెలిసినచోటల్లా విచారించారు. అంత పెద్ద నగరంలో సమయానికి ఒక్కరూ దొరకలేదు.

కొన్నాళ్ళకు ఎస్తేరు అనే నర్సు ఆ వార్డుకు మారి వచ్చింది. ఆమెది కూడా సవర కుటుంబమే. సుక్కమ్మ మాట చెవిన పడగానే ఆ మంచం దగ్గర ఆగిపోయింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. సుక్కమ్మ నవ్వింది కూడా.

“ఏమంటోందమ్మా?” అని మాస్టారు ఆత్రంగా అడిగారు.

ఎస్తేరు తటపటాయించింది. “మిమ్మల్నే మెచ్చుకుంటున్నారు సార్. ఈ బాబు ఎవరి బిడ్డో గానీ రోజూ వచ్చి కన్నకొడుకులా చూస్తున్నాడు అంటున్నారు. ఎంత చెప్పినా నా మాట అతనికి ఎక్కడం లేదు, నువ్వయినా నా కొడుక్కి కబురు పెట్టమ్మా అంటున్నారు.”

ఇతనే నీ కొడుకని ఎస్తేరు ఆమెకు నచ్చజెప్పబోయింది. జబ్బుతో ముఖాల గుర్తు కూడా పోయిందో ఏమో, సుక్కమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తల అడ్డంగా ఊపి ఏదో అంది. అదేమిటో చెప్పి తీరాలని మాస్టారు పట్టుబట్టారు.

“నా కొడుకైతే నా మాట తెలియదా అంటున్నారు సార్.”

మాస్టారు వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. కాసేపటికి తిరిగి వచ్చి, సవరలో అమ్మను ఏమని పిలుస్తారో ఎస్తేరును అడిగి తెలుసుకుని, తల్లి ముఖం మీదికి వంగి ఆ మాట అన్నారు. సుక్కమ్మ కళ్ళెత్తి చూసింది. పలకడంలో ఏదో తేడా వచ్చినట్టుంది, అదే మాటను నెమ్మదిగా పలికి చూపించింది. ఆయన మళ్ళీ అన్నారు. ఆమె బాగున్న చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, తన పెదవులు చూడమన్నట్టుగా, ఇంకోసారి పలికింది.

ఆ వారంలోనే ఆమె పోయింది.

చెప్పడం అయ్యాక మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. హైమ లేచి పెట్టెకు కరెంటు తీసేసింది. లోపలి రొద సన్నగిల్లి పూర్తిగా అణిగిపోయింది.

“ఆఖరికి మిమ్మల్ని గుర్తుపట్టారా మాస్టారూ?” అని హైమ గొంతు తగ్గించి అడిగింది.

“తెలియదమ్మా. నేను సరిగ్గా పలికేదాకా గడ్డం మాత్రం వదల్లేదు” అన్నారు మాస్టారు.