గడ్డం కింద అరచెయ్యి

ఆదోనిలో హకీం సిబ్గతుల్లా దవాఖానాలో మందులిచ్చే పని శిష్యుడు జునైద్‌ది. బాగా చదువుకున్నవాడు. కోపం ఎక్కువ.

"అజ్ఞానం చావనిదే రోగం చావదు ఉస్తాద్! మనమెంత చెప్పినా ఈ జనం మందు సరిగ్గా వాడరు" అన్నాడు ఆ పొద్దున.

అంటూనే ఒక ముసలమ్మ చేతిలో రెండు సీసాలు పెట్టి, "ఒకటి తాగాలి, ఒకటి రాయాలి" అని గబగబా చెప్పి పంపేశాడు. ఒకటి దగ్గుకు తాగే కషాయం. రెండోది రొమ్ముకు రాసే నూనె. విషముష్టి గింజలతో కాచింది, కడుపులోకి పోతే ప్రాణం తీస్తుంది.

ఆమె వెనకే గొర్రెలకాపరి ఉరుకుందు వచ్చాడు. అతని పెళ్లానికీ అదే దగ్గు. అవే సీసాలు, అవే మాటలు, అదే వేగం. ఉరుకుందు తలూపి సీసాలు కళ్లకద్దుకున్నాడు.

హకీం సాహెబ్ అతణ్ణి ఆపి జునైద్‌ను చూపించాడు. "ఇట్లా కూర్చో నాయనా. వీడే నీ పెళ్లాం అనుకో. ఇంట్లో ఆమెకు ఎట్లా ఇస్తావో అట్లా ఇయ్యి."

"మీసాల పెళ్లాం!" అన్నారెవరో. అరుగు మీది రోగులంతా నవ్వారు.

ఉరుకుందు నవ్వలేదు. చేతులు కడుక్కున్నాడు. ఒక సీసా తెరిచి చెంచా నిండా వంచాడు. చుక్క కూడా నేలపాలు కాకుండా ఎడమ అరచెయ్యి జునైద్ గడ్డం కింద పట్టాడు.

నూనె వాసన.

జునైద్ పళ్లు బిగించి గురువు వైపు చూశాడు. ఆయన కదల్లేదు.

"మింగు మే" అన్నాడు ఉరుకుందు మెల్లగా. "చేదైనా మింగాల. తగ్గిపోతాదని మందిచ్చిన సామి చెప్పినాడు."

చెంచా పెదవికి తగిలింది. ఆ చేతిలో వణుకు లేదు. ఆ కళ్లలో అనుమానం లేదు. తన మాట ఒక మనిషిలో ఇంత లోతుకు దిగుతుందని జునైద్ ఎన్నడూ అనుకోలేదు.

హకీం సాహెబ్ చెంచా అందుకుని పక్కన పెట్టాడు. గుర్తు కోసం నూనె సీసా మెడకు ఎర్రదారం చుట్టాడు. ఉరుకుందు చేతిని తీసుకుని అతని రొమ్ము మీదే రుద్దించాడు.

తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"చూశావా? నీ మాట జవదాటలేదు."

జునైద్ చూపు వీధిలోకి మళ్లింది. ముసలమ్మ ఇంకా ఊరు దాటి ఉండదు.

ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాడు.

వాకిట్లో అతని చెప్పులు ఎండలో ఉండిపోయాయి. హకీం సాహెబ్ వంగి వాటిని నీడలోకి జరిపాడు.