ఊ రాని చోటు

ఆ ఊళ్ళో కథ చెప్పడానికి ఒక కట్టుబాటు ఉండేది. వినేవాళ్ళలో ఒకరు ముందు వరసలో కూర్చుని ఊ కొట్టాలి. ఊ వినపడితేనే కథ ముందుకు కదలాలి. ఊ ఆగితే చెప్పేవాళ్ళు కూడా ఆగి, చెప్పింది సరిచూసుకుని మళ్ళీ అందుకోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ పాటించేవాళ్ళు.

ఆ ఊరి కథకురాలికి ఊ కొట్టేది రంగుల కొట్టంలో పనిచేసే ఆవిడ. పొద్దంతా నీలిమందు తొట్టిలో గుడ్డలు ముంచి తీయడం ఆమె పని. సాయంత్రం చేతులు కడుక్కుని, ఎంత కడిగినా పోని ఆ నీలంతోనే వచ్చి కూర్చునేది. కథకురాలి మాటంటే ఆమెకు ప్రాణం. సముద్రం ముఖం చూసి ఎరగని మనిషి, పడవవాడి కథ విన్నాక కొన్నాళ్ళు ఉప్పుగాలి పీల్చినట్టే తిరిగింది. ఇంట్లో పలకరించే దిక్కు లేని ఆమెకు ఆ సాయంత్రాలే పండగలు.

ఒకసారి కథకురాలు చాటింపు వేయించింది. ఈసారి చెప్పబోయేది ప్రేమకథ. అదీ రంగుల కొట్టంలో జరిగేది.

ఇక ఆవిడకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ తొట్టి దగ్గరే ఒకప్పుడు ఆమెకూ ఒకడి మీద మనసైంది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుందామంటే మాటలు దొరకలేదు. ఆ మాటలేవో కథ చెప్పే అక్క దగ్గర ఉంటాయని, వాటిని ఇన్నాళ్ళకు తన చెవులతో తను వింటానని ఆశపడింది.

కథ మొదలైంది. రంగుల కొట్టానికి కొత్త మేస్త్రీ వచ్చాడు. అందగాడు, పొగరుబోతు. మొదటిరోజే పనిపిల్లను కసురుకున్నాడు. "ఊ" అంది ఆవిడ. పిల్ల ఎదురు తిరిగి మాట్లాడింది, మేస్త్రీ మనసు పారేసుకున్నాడు. "ఊ" అంది. వాన పట్టుకుంది, కొట్టంలో ఇద్దరే చిక్కుకుపోయారు, కప్పుకోవడానికి కంబళి ఒక్కటే దొరికింది. ఈసారి ఊ అతి కష్టం మీద వచ్చింది. ఇలాంటి చోట్ల కంబళి ఒక్కటే ఎందుకుంటుందో ఆమెకు అంతుపట్టలేదు.

చెప్పేది అక్క కదా, కాస్త ముందుకుపోతే దారిలో పడుతుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. పోయినకొద్దీ మరీ చప్పబడింది. మేస్త్రీ, పనిపిల్ల పొద్దస్తమానం కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుంటున్నారు. మరి తొట్టిలో గుడ్డ ఎవరు తీస్తున్నట్టు? చివరికి మేస్త్రీ ఆ పిల్ల చేయి అందుకున్నాడు. ఆ చేయి మల్లెపువ్వులా తెల్లగా ఉందని చెప్పింది కథకురాలు.

ఊ రాలేదు.

కథకురాలు ఆగి చూసింది. ఆవిడ తలవంచుకుని తన చేతులకేసి చూసుకుంటోంది. ఆమె కావాలని ఆపలేదు, నోరు కదలలేదంతే. జనం విసుగ్గా కదిలారు. వెనకనుంచి ఎవరో "ఊ" అన్నారు. పక్కవాళ్ళు అందుకున్నారు. కథ సాగిపోయింది. కొట్టం యజమాని కొడుకే మేస్త్రీ వేషంలో వచ్చాడని తేలింది, పెళ్ళయింది, అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఇంటికి వచ్చి అన్నం సహించక పడుకుంది. ఆమెకు వచ్చింది కోపం కాదు. అయినవాళ్ళు బజార్లో ఎదురుపడి గుర్తుపట్టకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

పొద్దున్నే కథకురాలు రంగుల కొట్టానికి వచ్చింది. ఆమె అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

"అంతమందిలో నా పరువు తీశావు," అంది.

"ఏం చెయ్యను అక్కా. రాలేదు."

"అందరికీ నచ్చింది."

"నాకూ నచ్చాలనే వచ్చాను. పడవవాడి కథలో ఆ ముసలాయన తెడ్డు పట్టుకుంటే నా చెయ్యి నొప్పెట్టింది. నిన్న నీ కథలో పట్టుకుంది నా చెయ్యే. నాకేమీ తెలియలేదు."

కథకురాలు అక్కడున్న బుట్ట బోర్లించుకుని కూర్చుంది.

"పడవవాడి కథ నాడు సగం మంది మధ్యలోనే లేచిపోయారు," అంది. "నువ్వు ముందు వరసలో కూర్చుంటావు. వెనక్కి తిరిగి చూడవు. నిన్న ఒక్కరూ లేవలేదు."

ఆ సంగతి ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు. తొట్టిలో గుడ్డను కిందికి అదిమింది.

"పోనీ, నువ్వు చెప్పు," అంది కథకురాలు కాస్త ఉక్రోషంగానే. "ఇక్కడి ప్రేమ ఎలా ఉంటుందో నేనూ వింటాను. ఊ నేను కొడతాను."

ఆవిడ కొంచెం తటపటాయించింది. తర్వాత తొట్టివైపే చూస్తూ మొదలుపెట్టింది.

"ఒకతను ఉండేవాడు. నాకు ఎదురుగా నిలబడి గుడ్డ పిండేవాడు."

"ఊ."

"ఒక కొస నాది, ఒక కొస అతనిది. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మెలి తిప్పుతుంటే నీళ్ళు కారే చప్పుడే ఉండేది."

"ఊ."

"ఒకసారి నా చెయ్యి పుండయింది. మానేదాకా మెలంతా అతనే తిప్పాడు. నేను ఉత్తగా కొస పట్టుకుని నిలబడ్డాను. ఆ సంగతి అప్పటి మేస్త్రీ కంట పడనివ్వలేదు."

ఈసారి ఊ మెల్లగా, ఆలస్యంగా వచ్చింది. కథకురాలు బుట్టను కాస్త ముందుకు జరుపుకుంది.

"తర్వాత పొరుగూళ్ళో పని దొరికిందన్నాడు. వెళ్ళొస్తానన్నాడు."

"ఊ."

ఆవిడ గుడ్డను పైకి తీసింది. తొట్టిలోంచి ఆకుపచ్చగా వచ్చిన గుడ్డ గాలి తగిలి నెమ్మదిగా నీలంలోకి తిరుగుతోంది.

"ఎండలు ముదరకముందే వచ్చేశాడు," అంది. చెబుతుంటే ఆమె గొంతు తేలికపడింది, ముఖం విప్పారింది. "అదిగో, ఆ వాకిట్లోనే నిలబడ్డాడు. నీకోసమే వచ్చానన్నాడు."

ఊ వినపడలేదు.

ఆవిడ తలెత్తి చూసింది. కథకురాలు లేచిపోలేదు. ఎగతాళి చేయడం లేదు. ఎంతసేపైనా ఆగేదానిలా కూర్చుని, ఆమె ముఖంలోకే చూస్తోంది.

ఆవిడకు ఏడుపొచ్చింది. గుడ్డను దండెం మీద వేసి, కొసలు సమంగా లాగింది.

"రాలేదక్కా," అంది.

"ఊ," అంది కథకురాలు.